వినికిడి మిషను తీయక్కర్లేదు



కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. తెనాలి, బాపట్ల, రేపల్లె పిల్లలం ఐదుగురం ఒక శిక్షణ కోసం గన్నవరంలో విమానం ఎక్కి ఢిల్లీ వెళ్లాం. అందరికీ అదే మొదటిసారి. తెనాలి స్టేషన్లో కలుసుకున్న దగ్గర్నించి ఒకటే కబుర్లు. విమానంలో కూర్చున్నాక మాత్రం నోళ్లు మూతపడ్డాయి.

తలుపులు మూశాక ఎలక్ట్రానిక్ పరికరాల గురించి ఇంగ్లీషులో, హిందీలో చెప్పారు. మాలో రేపల్లె తమ్ముడికి చిన్నప్పట్నించీ వినికిడి తక్కువ. చెవిలో మిషను ఉంటేనే వినపడుద్ది. "అన్నీ ఆపేయాలంట్రా" అని మేమే తెలుగులో చెప్పాం. వాడు మిషను తీసి జేబులో వేసుకున్నాడు. రూలు కదా అనుకున్నాం. ఎవర్నీ అడగలేదు. అడిగితే నవ్వుతారేమోనని సిగ్గు.

దిగే ముందు విమానం మబ్బుల్లో ఊగింది. బెల్టులు పెట్టుకోమని మైకులో చెప్తున్నారు. వాడికి వినపడలా, లేచి నిలబడ్డాడు. చుట్టుపక్కలవాళ్లు అరిచారు. మేం చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టాం. వాడు దిగేదాకా తలెత్తలేదు. తప్పు వాడిది కాదు, మాది.

ఆ రాత్రే ఈ రూలు ఎందుకు పుట్టిందో వెతికి చదివాం. మబ్బులో, పొగమంచులో పైలట్‌కి బయట ఏమీ కనపడదు. ముందున్న మీటర్లు, నేల మీద నుంచి వచ్చే రేడియో సంకేతాలే దిక్కు. ఇలా నడిపే పద్ధతి నియమాలనే ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లైట్ రూల్స్ అంటారు. మనం ఎక్కే పెద్ద విమానాలు ఎండ కాస్తున్నా మామూలుగా ఈ పద్ధతిలోనే పోతాయి. మన యానాది పెద్దలకి ఇది అర్థం కాని సంగతేం కాదు. మంచులో పడవ మీద పోతుంటే "మాట్లాడబాకండ్రా, అల చప్పుడు విననీండి" అంటారు. ఒడ్డు కనపడనప్పుడు చెవే కన్ను.

మొదట గొడవ తెచ్చింది ఫోను కాదు, ఎఫ్‌ఎం రేడియో. అది పాట వింటానికి లోపల తనే ఒక చిన్న సంకేతం పుట్టిస్తుంది, స్టేషను కంటే 10.7 మెగాహెర్ట్జ్ ఎక్కువలో. 101 పెడితే అది 111.7 అవుద్ది. విమానానికి దారి చూపే వీఓఆర్, రన్‌వే నడిమి గీతకి తెచ్చే లోకలైజర్ ఉండేది 108 నుంచి 118 మధ్యే! అందుకే 1961లో అమెరికా రూలు పెట్టింది. పాత ఫోను స్పీకరు పక్కన పెడితే వచ్చే గరగర గుర్తుందా? అది పైలట్ చెవిలో పడితే ఎలా ఉంటదో అనుకోండి. ఇప్పటి విమానాలకు రక్షణ ఎక్కువ. 2013లో అమెరికా, 2014లో మన డీజీసీఏ, ఫ్లైట్ మోడ్‌లో ఉంటే ప్రయాణమంతా వాడుకోవచ్చన్నాయి.

అసలు విషయం ఇది. అమెరికా 91.21 రూలులో నిషేధం పక్కనే మినహాయింపులూ రాసి ఉన్నాయి: వాయిస్ రికార్డరు, వినికిడి మిషను, గుండెకి పెట్టే పేస్‌మేకరు, ఎలక్ట్రిక్ షేవరు. ఇక్కడ కూడా వినికిడి మిషను తీయక్కర్లేదు. మన దాకా "వద్దు" అన్న ముక్క వస్తుంది, "వీళ్లకి పర్లేదు" అన్న ముక్క రాదు. హాస్టల్లో, ఆఫీసుల్లో కూడా ఎన్నిసార్లు ఇట్లా సగం రూలుకే తల వంచామో మీకే తెలుసు.

తిరుగు ప్రయాణంలో తమ్ముడే ఎయిర్ హోస్టెస్‌కి చెవి చూపించి అడిగాడు. ఆమె నవ్వుతూ "ఉంచుకోండి" అంది. మేం ఇంటికి మెసేజ్ పెట్టి ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో వేశాం. గన్నవరం దగ్గర పడ్డాక, నిద్రలో ఉన్న మమ్మల్ని వాడే తట్టి లేపాడు. "బెల్టులు పెట్టుకోమంటన్నారన్నా, దిగుతున్నాం."

మొదటిసారి విమానం ఎక్కబోయేవాళ్లు గ్రూపులో ఉంటే అడగండి. సిగ్గుపడబాకండి. మేం పడ్డ సిగ్గు చాలు.

జై ఆదివాసీ.