వెనకవాడి అడుగు

ధ్యాన భాగము: ఆదికాండము 33:12-14



వచ్చే మే నెలలో మా బీబీపేట సంఘ యవ్వనస్థులు తొమ్మిదిమంది హిమాలయాలకు నడకయాత్ర తలపెట్టారు. పెద్దలుగా మేము దంపతులము వారి వెంట వెళ్తున్నాము. కామారెడ్డిలో రైలెక్కి ఢిల్లీ, అక్కడినుండి డెహ్రాడూన్, ఆ పైన కొండదారిలో సాంక్రి అనే ఊరు. అక్కడినుండి కేదార్‌కాంఠా శిఖరము వరకు నడక. మన కామారెడ్డి ప్రాంతము సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తు. సాంక్రి దాదాపు 1,950 మీటర్లు. శిఖరము సుమారు 3,800 మీటర్లు. అంత ఎత్తులో గాలి ఒత్తిడి సముద్ర మట్టముతో పోల్చితే మూడింట రెండు వంతులకు కొంచెము తక్కువే. కాబట్టి జనవరి నుండే సిద్ధపాటు మొదలైంది.

ఈ సిద్ధపాటు చూసి సంఘ పెద్ద ఒకాయన అడిగారు: "అయ్యగారూ, ప్రభువు శిష్యులను పంపినప్పుడు సంచి వద్దన్నాడు గదా. మీరేంది, నెలల తరబడి సంచి సర్దుతున్నరు?"

మంచి ప్రశ్న. మార్కు 6వ అధ్యాయములో ప్రభువు అలాగే పంపాడు. కాని లూకా 22వ అధ్యాయములో ఆ శిష్యులతోనే, ఇప్పుడైతే సంచి ఉన్నవాడు దానిని తీసుకొనిపోవాలని చెప్పాడు. మొదటిసారి వారు వెళ్ళింది గలిలయ పల్లెలకు. ఏ ఇంటి గడప తొక్కినా రొట్టె, పడక దొరికేవి. రెండవసారి వారి ముందున్నది వేరే కాలము. పౌలు కూడా చెరసాలలోనుండి తిమోతికి వ్రాస్తూ, త్రోయలో వదిలిన అంగీ తెమ్మని, చలికాలము రాకముందే రమ్మని బ్రతిమాలాడు. చలికి అంగీ కావాలన్నందుకు ఆయన విశ్వాసము తక్కువైపోలేదు. అడవి దాటిన తరువాత ఆ కొండమీద తలుపు తట్టడానికి ఇల్లు లేదు.

అయితే సంచి ఉండాలి గాని, బరువు కాకూడదు. ఒక్కొక్కరి శరీర బరువులో ఐదో వంతు దాటకూడదని నియమము పెట్టుకున్నాము. కిరాణా దుకాణము కాంటా మీద సంచులు పెట్టి తూచాము. మొదటిసారి ఒక తమ్ముని సంచి పదహారు కిలోలు తూగింది. అతడు మనిషే యాభై ఐదు కిలోలు! విప్పి చూస్తే మూడు జతల జీన్సు ప్యాంట్లు, రెండు స్పీకర్లు. మన ఎండలకు హాయినిచ్చే నూలు బట్ట అక్కడ పనికిరాదు. చెమటకో వానకో తడిసిందంటే త్వరగా ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. అందుకే లోపల త్వరగా ఆరే బట్ట, దానిమీద ఉన్ని, పైన గాలివాన ఆపే కోటు. పప్పు వండుకుందామన్నారు ఆడపిల్లలు. ఎత్తుకు పోయేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. శిఖరము దగ్గర 88 డిగ్రీలకు అటూ ఇటుగా మరుగుతాయి, కాబట్టి కుక్కరు లేనిదే పప్పు ఉడకదు. పల్లీలు, బెల్లము దంచి ముద్దలు చేస్తామని అమ్మలు ఒప్పుకున్నారు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది నడక లెక్క. 2,500 మీటర్లు దాటితే ఎవరికైనా ఎత్తు జబ్బు రావచ్చు. బలవంతుడా, బలహీనుడా అని అది చూడదు. తలనొప్పి, వాంతి వచ్చినట్లుండడం, నిద్ర పట్టకపోవడం దాని మొదటి గుర్తులు. అవి ఉన్నప్పుడు ఇంకా పైకి ఎక్కకూడదు. తగ్గక ముదిరితే, కూర్చున్నా ఆయాసము వస్తే, నడకలో తూలితే, మాట తడబడితే, రాత్రియైనా సరే కిందికి దిగాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులు చెబుతారు. మా మొదటి మజిలీ జూడా కా తాలాబ్ సుమారు 2,770 మీటర్లు, ఆ తరువాతది 3,400 దగ్గర. అందుకని మామూలుగా నాలుగు రోజుల్లో ముగించే దారికి మేము ఇంకొక రోజు కలిపాము. "ఒక రోజు ఖర్చు పెరుగుతది గదా" అన్నారు పిల్లలు. పెరుగుతుంది.

ఇక్కడే యాకోబు మాట మాకు వెలుగైంది. ఇరవై ఏండ్ల తరువాత అన్నను కలుసుకున్నాడు. ఏశావు కలిసి ప్రయాణము చేద్దామన్నాడు. అతని వెంట నాలుగు వందలమంది మగవారు. యాకోబు వెంట చిన్నపిల్లలు, పాలిచ్చే పశువులు. ఒక్క దినము వడిగా తోలినా మంద చచ్చిపోతుందని, పిల్లలూ పశువులూ నడవగలిగినంతే నడుస్తానని అతడు జవాబిచ్చాడు. మన ఊరి గొల్లకుర్మలను అడగండి. ముందర పోయే పొట్టేలును చూసి కాదు, వెనక కుంటే గొర్రెను చూసి మందను నడుపుతామంటారు.

మన పిల్లలు కొండలెక్కగలరా అని ఎవరికైనా అనుమానముంటే, మన జిల్లా తాడ్వాయి గురుకుల పాఠశాలను తలచుకోండి. అక్కడ చదివిన పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏండ్ల 11 నెలల వయసులో, ఖమ్మము జిల్లా సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. కాని అది ఒక్క ఉదయపు పని కాదు. ముందు భువనగిరి బండ, తరువాత డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఆ తరువాత లడాఖ్ చలి. ఒక్కొక్క మెట్టు. ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి పదహారుమంది పోయారు. ఈ పిల్లలు ఎక్కింది టిబెట్ వైపునుండి. కొండ ఎవరికీ బాకీ లేదు.

ప్రియులారా, గత ఆదివారము ఆరాధన తరువాత కూర్చున్నాము. ఒక తల్లి, బీడీలు చుట్టి కొడుకును చదివిస్తున్న సహోదరి, నెమ్మదిగా అడిగింది: "నా కొడుక్కి దమ్ము పట్టి దిగాల్సొస్తే, వానితోని ఎవరు దిగుతరు?"

ఎవరూ మాట్లాడలేదు. ఆడపిల్లలకైతే అమ్మగారున్నారు. మేము మిగిలినవారితో ఉండాలి. కాబట్టి మగపిల్లలలో ఒకరు శిఖరము వదులుకోవాలి. ఏడాదిగా రూపాయి రూపాయి కూడబెట్టినవారే అందరూ.

అప్పుడు వెనకనుండి ఒక తమ్ముడు లేచాడు. జూలైలో గల్ఫ్ వెళ్తున్నాడు, వీసా వచ్చింది. మళ్ళీ ఇటువంటి యాత్ర అతనికి ఎప్పుడో. "నేను దిగుత. మా నాన్నకు షార్జాల జ్వరమొచ్చి పడిపోతే, ఒకాయన డ్యూటీ మానుకొని మూడు దినాలు పక్కన కూసున్నడంట. ఆయన పేరు గూడ మాకు తెల్వదు" అన్నాడు.

ఆ తల్లి ఇంకేమీ అడగలేదు. కాగితము మీద సంతకము పెట్టింది.

మత్తయి 18వ అధ్యాయములో కాపరి తొంబది తొమ్మిదింటిని కొండలమీద విడిచి తప్పిపోయిన ఒక్కదాని కోసము వెళ్ళాడు. ఆ వాక్యము మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. దాని ఖరీదు ఎంతో ఆ తమ్ముడు మాకు చూపించాడు. ఇప్పుడు మన సంఘమును చూడండి. అప్పులతో తల దించుకొని వెనక చాప మీద కూర్చునే అన్న ఉన్నాడు. తాగుడు మానలేక ఆరాధన మానేసినవాడు ఉన్నాడు. చదువు రాక వాక్యభాగము తెరవలేని అవ్వ ఉంది. మన ఉపవాసములు, మన కూడికలు, మన పరుగు వారి నడకకు సరిపోతున్నవా? ఈ వారము వారిలో ఒకరి ఇంటికి వెళ్ళి కూర్చోండి.

మా యాత్ర కోసము ప్రార్థించండి. శిఖరము చేరాలని కాదు. పదకొండుమందిమి వెళ్తున్నాము, పదకొండుమందిమి తిరిగి రావాలని.

కాపరియైన మా ప్రభువా, వేగిరపడే మా కాళ్ళను ఆపుము. వెనకబడినవారి ప్రక్కన నడిచే ఓపికను మాకు దయచేయుము. ఆమేన్.