గంట విమానం... ఆరున్నర గంటల ప్రయాణం!

"హైదరాబాదు నుంచి రాజమండ్రికి విమానంలో ఎంతసేపండీ?" అని అడిగితే ఇదివరకు ఠక్కున "గంట!" అనేవాణ్ణి. ఇప్పుడు "ఏ గుమ్మం నుంచి ఏ గుమ్మానికి?" అని ఎదురు ప్రశ్న వేస్తున్నాను. ఎందుకంటారా? వినండి మరి.

2019 ఫిబ్రవరి. రాజమండ్రిలో మా అక్క పెళ్ళి. ముహూర్తం పొద్దున 9 గంటల 52 నిమిషాలకి. నేనేమో హైదరాబాదులో ఓ ఎడిటింగ్ రూములో అసిస్టెంటుని. "పని పక్కన పెట్టి నాతో రాత్రి రైలెక్కరా" అన్నారు పెద్దనాన్న. "మీరు వెళ్ళండి పెద్దనాన్నా, పొద్దున్నే గంటలో ఎగిరొచ్చి వాల్తాను" అన్నాను దర్జాగా.

నా లెక్కలు నాకున్నాయి! శంషాబాదు, మధురపూడి విమానాశ్రయాలు రెండూ దాదాపు 17 డిగ్రీల అక్షాంశం మీదే ఉన్నాయి. మ్యాపు మీద స్కేలు పెట్టి గీస్తే గీత తిన్నగా తూర్పుకే పోతుంది. ఖమ్మం, సత్తుపల్లి, జంగారెడ్డిగూడెం... ఆపైన గోదారి! మొత్తం సుమారు 360 కిలోమీటర్లు. అదే విజయవాడ మీదుగా రోడ్డున పోతే 430 దాకా తేలుతుంది. రెండు పంకాల ఏటీఆర్ విమానం గంటకి 500 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అంటే 43 నిమిషాలు! నేలమీద నడక, పైకెక్కడం, కిందికి దిగడం కలుపుకుని టైం టేబుల్లో గంటా పది వేస్తారు. సినిమాలో ఇంటర్వెల్ పడేసరికి మన ఊరన్నమాట!

కానీ ఆ స్కేలు కూకట్‌పల్లిలో మా గది నుంచి శంషాబాదు దాకా కొలవలేదు. 2008 మార్చి దాకా విమానాలు ఊళ్ళోనే, బేగంపేటలో దిగేవి. ఇప్పుడు ఊరు దాటి పోవాలి. 3.45కి బయల్దేరి 5 గంటలకి చేరాను. 6.20కి ఎగరాల్సిన విమానం ఎగరలేదు. "మధురపూడిలో పొగమంచు" అన్నారు. రన్‌వే కనపడనిదే దిగేదెలా? నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. ఎగిరేసరికి 8.20!

గాల్లో ఉన్నది 55 నిమిషాలే. 'మూగమనసులు' (1964), 'సాక్షి' (1967) చూసి మనసు పారేసుకున్న గోదారి, కిటికీలోంచి వెండి జరీ అంచులా మెరిసి, చూస్తూండగానే వెనక్కి పోయింది. దిగి, పెట్టె కోసం నిలబడి, టాక్సీ పట్టి, 18 కిలోమీటర్లు దాటి కల్యాణమండపం మెట్లెక్కేసరికి 10.15.

జీలకర్ర బెల్లం అయిపోయింది. తాళి కట్టడమూ అయిపోయింది. దోసిట్లో తలంబ్రాలతో అక్క నన్ను చూసింది... ఏమీ అనకుండా తల తిప్పుకుంది. తెల్లారకముందే రైలు దిగిన పెద్దనాన్న, స్నానం చేసి పట్టుపంచె కట్టుకుని, ముందు వరసలో కూర్చున్నారు.

రైలు మీద నేను మిగుల్చుకున్నది మహా అయితే రెండు గంటలు. అంచేత మిత్రులారా, విమానం టైం చూసి మాటివ్వకండి. గుమ్మం నుంచి గుమ్మం దాకా లెక్కెయ్యండి, చలికాలమైతే పొగమంచుకీ కాస్త వదలండి.

అన్నట్టు, గోదారి దాటేటప్పుడు వెయ్యమని అమ్మ చెప్పిన రూపాయి బిళ్ళ నా జేబులోనే ఉండిపోయింది. విమానం కిటికీ తెరుచుకోదు కదా!