బుడమేరులో మునిగి... కరకట్ట ఎక్కింది!

ఆ రోజు 2024 సెప్టెంబరు 1, ఆదివారం. పొద్దున లేచేసరికి సింగ్‌నగర్‌లో మా వీధిలో మోకాలి లోతు నీళ్లు. మధ్యాహ్నానికి గుమ్మం దాటి లోపలికొచ్చాయి. మేం ముగ్గురం ఒక గ్యాస్ బండ, అర బస్తా బియ్యం పట్టుకుని మేడ మీదికి చేరాం. అమ్మ ఫ్రిజ్ గురించి బాధపడుతోంది. నేను పుస్తకాల గురించి. నాన్న మాత్రం పిట్టగోడ పట్టుకుని కిందికే చూస్తున్నారు. అక్కడ ఆయన యెజ్డీ ఉంది. ముందు చక్రాలు మునిగాయి. తర్వాత సీటు. హ్యాండిల్‌కున్న అద్దం ఒక్కటీ కాసేపు నీళ్లపైన మెరిసి, చీకటి పడేలోగా అదీ కనిపించకుండా పోయింది.

'బెజవాడ దుఃఖదాయని' అని బుడమేరుకు పేరు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే కానీ, ఆ పేరెందుకొచ్చిందో ఆ వారం తెలిసింది. గండ్లు పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది. ఇంకొన్నాళ్లకు మేం కిందికి దిగేసరికి ఇల్లంతా జానెడు బురద!

నాన్న లారీ ట్రాన్స్‌పోర్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ఉయ్యూరు, పామర్రు, గుడివాడ రైసు మిల్లులకు తిరిగి కిరాయి బాకీలు వసూలు చేయడం ఆయన పని. ఆ తిరుగుడంతా ఈ బండి మీదే. 1984 మోడలు. 1988లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. అప్పట్నుంచీ ఏ రోజు ఎంత పెట్రోలు పోశారో, ఎంత ఆయిలు కలిపారో, ఏ ఊరు వెళ్లారో డైరీల్లో రాసుకున్నారు. ఆ డైరీలన్నీ బీరువా అడుగు అరలో ఉండేవి. తీసి చూస్తే నానబెట్టిన అట్టలా ముద్దయి ఉన్నాయి. ఒక్క పేజీ విడిపోలేదు. నాన్న ఏమీ అనలేదు. వాటిని గోనెసంచిలో వేసి, బండి దగ్గరకెళ్లి నిలబడ్డారు.

అమ్మ పెట్టిన షరతు

తుక్కు కొనే కుర్రాడొచ్చి నాలుగు వేలిస్తానన్నాడు. బీమా అడుగుదామంటే ఉన్నది థర్డ్ పార్టీ ఒక్కటే. మునిగిన కింది ఇళ్లకు పాతిక వేలు, ద్విచక్ర వాహనానికి మూడు వేలు సాయం చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. పాతిక వేలకు పరుపులు, మిక్సీ, పాత ఫ్రిజ్ వచ్చాయి. ఇంకా మంచాలు రాలేదు.

''మంచాలు లేవు గానీ మోటారు సైకిలు కావాలా?'' అంది అమ్మ.

నిజమే మరి! చివరికి ఒప్పందం ఇదీ: సాయం మూడు వేలు, నా దసరా బోనసులోంచి పదిహేడు వేలు. మొత్తం ఇరవై. రూపాయి దాటితే బండి తుక్కుకే. దీనికి తోడు ఇంకో గడువు. డిసెంబరుతో ఆర్సీ తీరిపోతుంది. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి మోటారు సైకిలుకు ఆ ఫీజు 300 నుంచి వెయ్యి అయింది. ఆలస్యమైతే నెలకు 300 అదనం. నడవని బండిని ఇన్‌స్పెక్షన్‌కు తీసుకెళ్లలేం కదా. పాత బండి కొనాలనుకునే వాళ్లకు నా సలహా కూడా అదే... ఇంజిన్ తర్వాత, ముందు ఆర్సీ చూడండి!

మైసూరు నుంచి బెజవాడకు

చెకోస్లోవేకియాలో యానెచెక్ అనే ఆయన, వాండరర్ అనే కంపెనీ బండి తయారీ హక్కులు కొన్నాడు. రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే జావా. దాన్ని మనదేశానికి తెచ్చింది రుస్తుం ఇరానీ. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో బళ్లు తయారుచేయడం మొదలుపెట్టింది. 1973 నుంచి అవే యెజ్డీ పేరుతో వచ్చాయి. 250 సీసీ. ఒకటే సిలిండరు, రెండు సైలెన్సర్లు! గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు రాడ్డు అవుతుంది. ఈ కిటుకు తెలియక మా పక్కింటి కుర్రాడు కిక్కు రాడ్డు కోసం బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లు మళ్లీ మార్కెట్లోకి వచ్చాయిగానీ అవి ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు. ఆ సామాను మా బండికి పనికిరాదు. మరి ఎక్కడ దొరుకుతుంది? బెజవాడలో ఈ ప్రశ్నకు జవాబు ఒకటే.

ఆటోనగర్ డాక్టరు

పటమట దాటి ఆటోనగర్ గేటులోకి వెళ్తే గాలి వాసనే మారిపోతుంది. వెల్డింగు పొగ, గ్రీజు, టీ మరుగుతున్న వాసన. లారీల కోసం పుట్టిన పేట ఇది. ఒక షెడ్డులో బాడీ కడుతుంటారు, పక్క షెడ్డులో కమాన్ కట్టలు కొడుతుంటారు, ఇంకో సందులో లేతు తిరుగుతుంటుంది. ఆ రోజుల్లో ప్రతి సందులోనూ బురద పట్టిన బళ్ల వరసలే. కొత్త స్కూటర్లలో సెన్సర్లు, కంప్యూటర్ లాంటి డబ్బా ఉంటాయి. అవి మునిగితే ఒక్క డబ్బా మార్చడానికే వేలు. మా బండిలో అలాంటివేమీ లేవు. కాయిలు, కండెన్సరు, ప్లాటినం పాయింట్లు. తుడిచి ఆరబెడితే చాలావరకు బతుకుతాయి.

నాన్నకు పాతికేళ్లుగా తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నారు. డెబ్భైకి దగ్గరపడ్డారు. బండిని ట్రాలీ ఆటోలోంచి దించగానే అడిగిన మొదటి మాట: ''గుమస్తా గారూ, కిక్కు కొట్టారా?''

''లేదు మేస్త్రీ.''

''బతికించారు!''

ఎందుకో తర్వాత అర్థమైంది. టూ స్ట్రోక్ ఇంజిన్లో వాల్వులుండవు. పెట్రోలు, ఆయిలు, గాలి కలిసి ముందు క్రాంక్ గదిలోకి వెళ్లి, అక్కణ్నుంచి సిలిండర్లోకి వస్తాయి. క్రాంకుకూ బేరింగులకూ పెట్రోల్లో కలిపిన ఆ కాస్త ఆయిలే దిక్కు. ఆ గదిలోకి బురద నీళ్లు చేరాక కిక్కు కొడితే ఇసుక గింజలు సిలిండరు గోడల్ని గీసేస్తాయి. వరద తీయగానే ఆత్రంగా కిక్కులు కొట్టి ఇంజిన్లు పాడుచేసుకున్న వాళ్లని మేస్త్రి ఆ వారం చాలామందిని చూశారట.

ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో డీజిల్ పోసి నాలుగు రోజులు వదిలేశారు. అప్పటికిగానీ పిస్టన్ కదల్లేదు. ఇంజిన్ విప్పితే అడుగున కాఫీ రంగు ముద్ద. బేరింగులు తుప్పు. క్రాంకును ప్రెస్సు మీద విడదీసి కొత్త కనెక్టింగ్ రాడ్డు వేసి, లేతు మీద తిప్పి సరిచూడాలి. సిలిండరు ఇదివరకే ఒకసారి బోరింగు అయింది. ఇప్పుడు 0.75 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్ కావాలి. దాని కోసం మూడు రోజులు తిరిగాను. ఒక కొట్టాయన రెండు వేల అయిదొందలు చెప్పాడు. ఇంకొకాయన తుప్పుపట్టిన రేకు డబ్బాలోంచి కాగితం చుట్టిన పాత స్టాకు తీసి, దుమ్ము ఊది, పదకొండు వందలకిచ్చాడు. ఆ రోజు నేను ఎంత ఆనందపడ్డానో ఇంట్లో చెప్పలేదు!

ఇంజిన్‌కు మొత్తం 9,200. టైర్లు, ట్యూబులు 3,600. బ్రేకు లైనింగులు, కేబుళ్లకు 1,300. కొత్త వైరింగు 1,100. సీటు కుట్టినందుకు 900, ఆరు వోల్టుల బ్యాటరీ 700. కలిపితే 16,800. మిగిలినదాంతో ఎర్రరంగు వేయించి రిమ్ములకు క్రోమ్ చేయిద్దామన్నాను.

''మెరుపుకు డబ్బులు పెట్టకండి సార్. ఆర్సీకి దాచుకోండి'' అన్నారు మేస్త్రి. నాన్న తలూపారు. ట్యాంకు మీది సొట్ట కూడా తీయనివ్వలేదు. పామర్రు దగ్గర గేదె అడ్డమొస్తే పడిందట. అది డైరీలో రాసుకున్నారు. ఇప్పుడు డైరీ లేదుగా!

ట్యాంకు లోపలి తుప్పు మాత్రం పైసా ఖర్చు లేకుండా పోయింది. జాడీలోకి వరద నీరు చేరి వంటకు పనికిరాకుండా పోయిన చింతపండు అమ్మ దగ్గరుంది. వేణ్నీళ్లలో పిసికి ట్యాంకులో పోసి, గుప్పెడు నట్లు వేసి రెండు రోజులు మార్చి మార్చి ఊపాం. అమ్మ తనే వచ్చి లోపలికి టార్చి వేసి చూసింది. ''ఇంకోసారి పొయ్యండి'' అంది. అప్పుడు నాకు ధైర్యమొచ్చింది.

నవంబరు చివర్లో ఒక సాయంత్రం, ఏడో కిక్కుకి బండి అందుకుంది. నీలం పొగ సందంతా కమ్మింది. పక్క షెడ్లవాళ్లు దగ్గుతూనే నవ్వారు. ఈ పొగ గురించి దాచడం ఎందుకు? టూ స్ట్రోక్‌లో కొంత పెట్రోలు మండకుండానే పొగతో బయటికి పోతుంది. 2000 నుంచి కఠినమవుతూ వచ్చిన కాలుష్య నిబంధనల ముందు ఈ ఇంజిన్లు నిలబడలేకపోవడంలో అన్యాయమేమీ లేదు. నేను రోజూ ఆఫీసుకు దీనిమీద వెళ్లను.

డిసెంబరు మూడో వారంలో రెన్యువల్ అయింది. అదృష్టమే అనాలి... ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిళ్లకు ఆ వెయ్యిని 2025 ఆగస్టులో రెండు వేలు చేశారు.

నలభై దాటకుండా...

కొత్త పిస్టన్ వేసిన బండిని మొదటి అయిదొందల కిలోమీటర్లు నలభై స్పీడు దాటించకూడదు. పదిహేను కిలోమీటర్లకోసారి ఆపి చల్లార్చాలి. అలా వెళ్లడానికి కృష్ణ కరకట్టను మించిన దారేముంది! 2025 సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం నాన్న వెనక కూర్చున్నారు. జేబులో దగ్గు టానిక్ మూత. ఒకప్పుడు బంకులోనే ఆయిలు కలిపి పోసేవాళ్లు. ఇప్పుడు ఆ మూతే కొలత. లీటరుకు నలభై మిల్లీలు.

యనమలకుదురు దగ్గర కట్ట ఎక్కాం. కుడివైపు కృష్ణ, ఎడమవైపు పల్లంలో ఊళ్లు. చోడవరం దాటాక మొదటి మజిలీ. బుడమేరు మమ్మల్ని ముంచిన రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వచ్చాయి. కట్టకూ నదికీ మధ్యనున్న లంకల్లో అరటి, పసుపు, కంద అన్నీ మునిగాయి. జనవరిలో కూడా అరటి మొదళ్ల మీద బురద గీత కనిపిస్తూనే ఉంది. దాని పక్కనే కొత్త పిలకలు. ఓ రైతు మా బండి చప్పుడు విని గట్టు మీదికొచ్చాడు. ''మా మావయ్యకుండేదండీ ఇది'' అన్నాడు. పంటెంత పోయిందని నేనడిగాను. ఆయన మాత్రం పిస్టన్ ఎక్కడ దొరికిందని అడిగాడు. వాళ్ల బండి గొడ్లసావిట్లో ఉందట. మేస్త్రి ఫోన్ నంబరిచ్చాను.

రొయ్యూరు, తోట్లవల్లూరు మీదుగా శ్రీకాకుళం చేరేసరికి మధ్యాహ్నమైంది. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదండోయ్, ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. శ్రీకృష్ణదేవరాయలి చేత 'ఆముక్తమాల్యద' రాయించిన ఆంధ్ర మహావిష్ణువు గుడి ఇక్కడే. వసూళ్లకు మొవ్వ వైపు వచ్చినప్పుడల్లా నాన్న ఇక్కడ ఆగి క్యారేజీ తినేవారట. ఆ చెట్టు కోసం వెతికారు. దొరకలేదు. గుడి అరుగు మీద కూర్చుని పులిహోర తిన్నాం.

తిరుగు దారిలో వల్లూరుపాలెం దాటాక బండి చల్లారబెట్టాం. నాన్న ఆయిలు మరకలైన చేతులు పంచెకు తుడుచుకుని, ''ఎంత పోశాం?'' అన్నారు.

''నాలుగు లీటర్లు.''

దారిలో కొన్న కొత్త నోటుబుక్కు తీశారు. మొదటి పేజీలో తేదీ వేశారు. పెట్రోలు 4 లీటర్లు, ఆయిలు 160 మి.లీ., శ్రీకాకుళం రానుపోను అని రాశారు. కాసేపాగి కింద ఇంకో లైను చేర్చారు... ''ట్యాంకు సొట్ట - పామర్రు - గేదె.''