పేరొకటి, ఇల్లొకటి

పేరు చెప్పి ఇల్లు కనుక్కోవడం మనకు అనాదిగా ఉన్న అలవాటు. ఊళ్లో దిగుతాం; కిళ్లీకొట్టు దగ్గర ఆగి, "ఫలానావారి ఇల్లెక్కడండీ?" అని అడుగుతాం. కొట్టువాడు వేలు చూపిస్తాడు. అటే నడుస్తాం. ఆ వేలు అబద్ధమాడుతుందేమోనన్న అనుమానం మనకు రానే రాదు. ఇంటర్నెట్ అనే మహాపట్నంలో కూడా ఇదే మర్యాద నడుస్తోంది.

అక్కడ ప్రతి ఇంటికీ అసలు గుర్తు అంకెలే. అన్ని అంకెలు మనిషి బుర్రలో నిలవవు గనుక పేర్లు పెట్టారు. ఏ పేరుకు ఏ అంకె అన్న జాబితా మొదట్లో ఒకే ఒక్క ఫైలుగా అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉండేది. తక్కినవారు దాన్ని నకలు తెచ్చుకునేవారు. ఊరు పెరిగేసరికి ఆ పద్ధతి సాగలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన ఈ పనిని అనేక యంత్రాలకు పంచిపెట్టే ఏర్పాటు రూపొందించాడు. దాన్నే డి.ఎన్.ఎస్. అంటారు. మనం పేరు కొట్టగానే తెరవెనక ఒక యంత్రం అంకె చెబుతుంది. మన ఫోను ఆ చోటికి పోతుంది. కిళ్లీకొట్టువాడి వేలు ఇదే.

ఈ వేలిని ఎవరైనా పక్కకు తిప్పితే?

మా పక్కవాటాలో ఒక బాబాయిగారున్నారు. పెన్షను మీద బతికే మనిషి. వారం రోజులుగా వారింట్లో కొన్ని సైట్లు తెరుచుకోవడం లేదు. మరికొన్ని తెరుచుకుని, అడగకుండానే బహుమతులిస్తామంటున్నాయి. ఒకనాటి సాయంత్రం ఆయన బ్యాంకు పేరు కొడితే ఎర్రటి హెచ్చరిక వచ్చింది.

"మాష్టారూ, 'అయినా సరే వెళ్లు' అని కింద చిన్నక్షరాల్లో ఉంది. నొక్కెయ్యమంటారా?" అన్నారు గోడమీంచి.

నా గుండె ఝల్లుమంది. ఆ దంపతుల ఆధారమంతా ఆ తలుపు వెనకే ఉంది మరి. నేను నోరు తెరిచేలోగానే, ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి, "వద్దు తాతగారూ!" అంటూ పరుగెత్తింది.

జబ్బు మనిషిదా, ఇంటిదా అని ముందు తేల్చాలట. బాబాయిగారి ఫోనులో వైఫై తీసేసి మొబైల్ డేటా పెట్టింది. బ్యాంకు బుద్ధిగా తెరుచుకుంది. మళ్లీ వైఫై పెట్టింది. ఎర్ర హెచ్చరిక ప్రత్యక్షం. పిన్నిగారి ఫోనులోనూ అదే తంతు. అంటే లోపం ఫోనులో లేదు, ఇంటి దారిలో ఉంది. కంప్యూటరులో 'ఎన్‌ఎస్‌లుకప్' అనే ఆజ్ఞతో బ్యాంకు అంకె అడిగింది. అదే ప్రశ్న 1.1.1.1 అనే మరో డి.ఎన్.ఎస్.నూ అడిగింది. రెండు జవాబులూ వేరు.

"దొరికాడన్నమాట దొంగ!" అన్నాను.

"అప్పుడే కాదు నాన్నా. పెద్ద సైట్లకు చాలా అంకెలుంటాయి. రౌటరు చూడాలి" అంది.

చూస్తే, రౌటరులో డి.ఎన్.ఎస్. గడిలో ఊరూ పేరూ లేని రెండు అంకెలు. కనెక్షను ఇచ్చినవారికి ఫోను చేస్తే అవి తమవి కావన్నారు. కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. రౌటరు బిగించిన కుర్రవాడు ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంచి వెళ్లిపోయాడు. అది లోకానికంతటికీ తెలిసిన మాట.

ఇది కొత్త విద్య కూడా కాదు. 'డి.ఎన్.ఎస్. ఛేంజర్' అనే దొంగ సాఫ్ట్‌వేరు ఇలాగే సుమారు 40 లక్షల కంప్యూటర్లను దారి తప్పించింది. 2011 నవంబరులో అమెరికా ఎఫ్.బి.ఐ. దాని గుట్టు రట్టు చేసింది.

అమ్మాయి రౌటరును మొదటి స్థితికి తెచ్చి, పాస్‌వర్డు మార్చి, దాని సాఫ్ట్‌వేరు తాజా చేసి, నమ్మకమైన డి.ఎన్.ఎస్. రాసింది. ఫోన్లు పాత జవాబును కొంతసేపు గుర్తుంచుకుంటాయట. అందుకని వాటినీ ఒకసారి ఆపి తెరిచింది. బ్యాంకు తలుపు తిన్నగా తెరుచుకుంది.

తెరుచుకోని తలుపులన్నీ దొంగల పని అనుకోకూడదు. 2017 ఆగస్టులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మన దేశంలో కొన్నాళ్లు మూతపడింది. పాత తెలుగు పుస్తకాలు వెతుక్కునే నాబోటివారికి అది పెన్నిధి. దొంగ సినిమాలను ఆపడానికి మద్రాసు హైకోర్టు ఉత్తర్వుపై మూసిన 2,600 పైచిలుకు సైట్ల జాబితాలో అదీ ఉంది. అలాంటి తాళానికి ఇంట్లో రౌటరు కడిగి లాభం లేదు. అయితే అక్కడ మూశామన్న నోటీసైనా కనిపించింది. ఎవరిని అడగాలో తెలిసింది. చెప్పి మూసిన తలుపుతో పోట్లాడవచ్చు. చెప్పకుండా మరో ఇంట్లోకి తెరిచిన తలుపే కొంప ముంచుతుంది.

కొత్త తాళం కొన్నప్పుడు తాళంచెవి అంగడిలోనే వదిలి రాము గదా! రౌటరు బిగించినవాడు గుమ్మం దాటకముందే, పాస్‌వర్డు మార్చావా నాయనా అని అడగండి.