రాజమండ్రి బజారుకి రెండు క్యాలెండర్లు

రాజమండ్రిలో ఏ కొట్టుకెళ్లినా గల్లాపెట్టె వెనక గోడకి ఒక క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది. తిథులు, వర్జ్యాలు, పెళ్లి ముహూర్తాలు అన్నీ ఉండే పెద్ద అక్షరాల క్యాలెండర్. అది చూడకుండా ఇక్కడ ఎవరూ సరుకు ఆర్డర్ పెట్టరు. ఫోన్‌లో అన్నీ ఉన్నా సరే, చూపు మాత్రం గోడ మీదకే పోతుంది.

ఈ ఊరి వ్యాపారానికి గోడ మీద కనపడని ఇంకో క్యాలెండర్ కూడా ఉంది. అందులో ఒక్క పేజీ తిరగడానికి పన్నెండేళ్లు పడుతుంది. అదే పుష్కరం. గోదావరి పుష్కరాలు 2027 జూన్ 26 నుంచి జూలై 7 వరకు. పన్నెండేళ్లకోసారి, పన్నెండు రోజులు.

అందుకే ఈసారి నేను రాజమండ్రి వెళ్లింది గుళ్లు చూడ్డానికి కాదు, బజారు చూడ్డానికి. తాడితోట, కోటగుమ్మం, పుష్కర ఘాట్, కడియం... రెండు రోజులు తిరిగాను. కనిపించిన వాళ్లందరినీ ఒకటే అడిగాను: "పుష్కరాలకి ఏం ప్లాన్ చేస్తున్నారండీ?"

అన్నట్టు, పేరు విషయం. 2015లో ఊరి పేరు అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. బోర్డుల మీద, టికెట్ల మీద అదే. ఆటో అన్న నోట్లో మాత్రం ఇప్పటికీ రాజమండ్రే. నేనూ ఆటో అన్న పార్టీయే.

తాడితోట: చిన్న క్యాలెండర్ లెక్క

తాడితోట అంటే హోల్‌సేల్ బట్టల మార్కెట్. చుట్టుపక్కల ఊళ్లలో చిన్న చిన్న బట్టల కొట్లు నడిపేవాళ్లు ఇక్కడికొచ్చి మూటలు కట్టించుకుని వెళ్తారు. పొద్దున్నే వెళితే కొనేవాళ్ల కంటే మూటలు మోసేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. ఇరుకు సందులో మూట ఎదురొస్తే మనమే పక్కకి తప్పుకోవాలి. అది ఇక్కడి ట్రాఫిక్ రూలు.

"మాకు సంక్రాంతి ఒకటి, పెళ్లిళ్లు ఒకటి, శ్రావణం ఒకటి, దసరా ఒకటండి. మిగతా రోజులు కరెంటు బిల్లు కోసం" అని నవ్వాడొక షాపాయన. మధ్యలో ఆషాఢం వస్తుంది. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి బట్టలకి డల్. కానీ గోదావరి జిల్లాల్లో ఆషాఢం అంటే సారె సీజన్. కొత్త అల్లుడింటికి పంపే కావిళ్లు ఒక్కోసారి ఏ రేంజ్‌లో ఉంటాయో 2021లో దేశమంతా చూసింది. రాజమండ్రి నుంచి యానాంలో అల్లుడింటికి వెళ్లిన సారెలో వెయ్యి కిలోల చేపలు, వెయ్యి కిలోల కూరగాయలు, పది మేకలు ఉన్నాయని వార్తలొచ్చాయి. వీడియోలు మీ ఫోన్‌కీ వచ్చే ఉంటాయి. మనం నవ్వుకుని ఫార్వర్డ్ చేశాం. కానీ ఒక సారె అంటే స్వీటు కొట్టు, చేపల మార్కెట్, బుట్టలల్లేవాళ్లు, వ్యాను డ్రైవరు... ఇంతమందికి పని.

ఇంకో మార్పు కూడా షాపాయనే చెప్పాడు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి. పాత తూర్పు గోదావరికి కాకినాడ కేంద్రంగా ఉండేది. విడిపోయాక, చిన్నదైన తూర్పు గోదావరికి రాజమహేంద్రవరం కేంద్రమైంది. "కలెక్టరాఫీసు పని మీద వచ్చినోళ్లు ఖాళీ చేతుల్తో ఇంటికి పోలేరు కదండీ. ఓ చీరో, ఓ జాకెట్టు ముక్కో" అన్నాడు. జిల్లా చిన్నదైతే బజారు పెద్దదైందన్నమాట.

మరి పుష్కరాలకో? ఆయన తల అడ్డంగా ఊపాడు. "స్నానానికొచ్చినోళ్లు బట్టలు కొనరండి. తువ్వాలు కొంటారు!"

కోటగుమ్మం: జనం కోసం ఆగని కొట్లు

కోటగుమ్మం సెంటర్‌కొస్తే నడక ఆటోమేటిగ్గా స్లో అవుతుంది. ఒకటి ట్రాఫిక్ వల్ల, రెండు రోజ్ మిల్క్ వల్ల. గులాబీ రంగు పాలు, పైన కోవా. ఎండలో తిరిగొచ్చి తాగితే ఇంక మాటల్లేవు. రీల్స్ రాకముందు నుంచీ రాజమండ్రి వాళ్లు చుట్టాల్ని ఇక్కడికి తీసుకొస్తూనే ఉన్నారు.

ఈ ఊరికే ప్రత్యేకమైన ఇంకో సరుకు రత్నం పెన్నులు. స్వదేశీ ఉద్యమం రోజుల్లో, మనవాళ్లు వాడే వస్తువు మనమే చెయ్యాలన్న గాంధీజీ మాట పట్టుకుని కె.వి.రత్నం 1932లో మొదలుపెట్టిన పని ఇది. ఎబొనైట్ కడ్డీని లేత్ మీద తిప్పి, చేత్తో చేసే ఇంకు పెన్నులు. ఆ పెన్ను గాంధీజీకి అందింది, బాగుందని ఆయన 1935లో ఉత్తరం కూడా రాశారు. బాల్ పెన్ను వచ్చింది, ఫోన్ వచ్చింది, చేతిరాతే తగ్గిపోయింది. అయినా ఈ పెన్నుల కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉన్నారు.

ఇక్కడ నాకు ఒకటి తట్టింది. ఇన్నేళ్లు నిలబడిన సరుకు ఏదీ జాతర జనాన్ని నమ్ముకుని నిలబడింది కాదు. ఒకసారి కొన్నవాడు మళ్లీ వస్తాడని నమ్ముకుంది.

ఘాట్: జనం రావాలా, ఆగాలా?

కోటగుమ్మం నుంచి నాలుగడుగులేస్తే పుష్కర ఘాట్. సాయంత్రం హారతి టైమ్‌కి వెళ్లండి. మెట్ల మీద కూర్చుంటే గోదావరి మీద వంతెనలు కనిపిస్తాయి. 1900లో తెరిచి, 1997లో రైళ్లు ఆపేసిన హేవలాక్ వంతెన. కింద రైలు, పైన బస్సు నడిచే 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన. విల్లులా వంగిన ఆర్చి వంతెన. ఒక్క ఫ్రేములో వందేళ్ల చరిత్ర!

కానీ ఈ మెట్ల మీద కూర్చుని ఆ రోజుని మర్చిపోలేం. 2015 జూలై 14. పుష్కరాల మొదటి రోజు పొద్దున్నే ఇదే ఘాట్‌లో తొక్కిసలాట జరిగింది. 27 మంది చనిపోయారు. ఎన్నో ఘాట్లు ఉన్నాయి. కానీ జనం ఒకేచోట, ఒకే ముహూర్తానికి చేరారు.

మెట్ల దగ్గర దీపాలు, పూలు, గోదావరి నీళ్లు పట్టుకెళ్లడానికి ఖాళీ డబ్బాలు అమ్మే ఒక పెద్దావిడని అదే ప్రశ్న అడిగాను. ఆవిడ వెంటనే నవ్వలేదు.

"జనం వత్తారు బాబూ. లచ్చల మంది వత్తారు. వత్తే నాకేటి? ఆగాల కదా! తాళ్లు కట్టేసి 'నడు, నడు' అంటుంటే నా దీపం ఎవరు కొంటారు? అసలు ఆ పన్నెండు రోజులు నన్ను ఇక్కడ కూకోనిత్తారో లేదో."

భద్రత కోసం తాళ్లు కట్టాల్సిందే. ఆవిడా కాదనలేదు. "పేణం పోయాక దీపం ఎందుకు" అంది తనే. కానీ ఏడాది పొడుగునా ఈ మెట్లనే నమ్ముకున్న మనిషికి, ఊరికి పెద్ద పండగ వచ్చినప్పుడే చోటు లేకపోతే ఆ పండగ ఎవరిది? ఎవరు ఎక్కడ కూర్చోవాలో ముందే చెప్పి, ఓ చోటు చూపించి, గుర్తింపు కార్డు ఇస్తే చాలు. కోట్లు అక్కర్లేని పని ఇది.

కోట్ల పనులు ఎలాగూ మొదలయ్యాయి. 2025 జూన్ 26న అఖండ గోదావరి ప్రాజెక్టుకి ఇక్కడే శంకుస్థాపన చేశారు. ఖర్చు 94.44 కోట్ల రూపాయలు. హేవలాక్ వంతెన, పుష్కర ఘాట్, కడియం నర్సరీలు, ఇవన్నీ టూరిస్టులు చూసే చోట్లుగా మారాలన్నది ప్లాన్. పాత వంతెన మీద నడుచుకుంటూ గోదావరి చూసే రోజొస్తే, జనం నిజంగానే ఆగుతారు. స్నానం చేసి పరుగెత్తే మనిషికీ, ఓ పూట గడిపే మనిషికీ బజారులో చాలా తేడా ఉంటుంది.

కడియం: ఏప్రిల్‌లోనే పండగ

రెండో రోజు పొద్దున్నే కడియం వైపు వెళ్లాను. ఊరు దాటి వేమగిరి వచ్చేసరికి రోడ్డుకి రెండు వైపులా మొక్కలే. కడియపులంక, బుర్రిలంక, కడియపుసావరం... ఊళ్లకి ఊళ్లే నర్సరీలు. ఇక్కడి మొక్కలు లారీలెక్కి దేశమంతా వెళ్తాయి. కవర్లలో మట్టి నింపేవాళ్లు, అంట్లు కట్టేవాళ్లు, లోడు ఎత్తేవాళ్లు. ఇందులో ఆడవాళ్లు చాలామందే.

పుష్కరాల ప్రశ్నకి సూటిగా జవాబు దొరికింది ఇక్కడే. "బంతిపూలు జూన్ చివరికి కావాలంటే ఏప్రిల్‌లో నారు నాటాలండి. పండగ రోజున పరిగెడితే పువ్వు పూయదు కదా" అన్నాడొక రైతు.

ఊరికంతటికీ పనికొచ్చే మాట! రేట్ల బోర్డులు, శుభ్రమైన బాత్రూములు, తాగే నీళ్లు, కొట్టు ముందు కాసేపు కూర్చోడానికో బల్ల... ఇవన్నీ రెండు నెలల ముందే 'నాటాలి'. ముఖ్యంగా రేట్లు. ఆ పన్నెండు రోజుల్లో ఇడ్లీకి మూడు రెట్లు గుంజితే ఆ రోజు గల్లా నిండుతుంది. కానీ ఫోన్ తియ్యడానికి ఎంతసేపు? ఒక్క వీడియో పన్నెండేళ్లు తిరుగుతుంది.

మన వైపు నుంచి కూడా ఓ మాట. పుష్కరాలకి వెళ్లాలనుకుంటే మొదటి రోజే, పుష్కర ఘాట్‌లోనే మునగాలని పట్టు పట్టకండి. కోటిలింగాల ఘాట్ ఉంది, అవతలి ఒడ్డున కొవ్వూరులో గోష్పాద క్షేత్రం ఉంది. ఎక్కడ మునిగినా అదే గోదావరి. జనం నాలుగు చోట్లకి సర్దుకుంటే ప్రాణానికి భద్రం, నాలుగు చోట్ల బజారుకి బేరం.

అంత జనం మన వల్ల కాదనుకుంటే దసరాకి రండి, దేవీచౌక్ అర్ధరాత్రి కూడా పగల్లా ఉంటుంది. శీతాకాలంలో రండి, కడియం పూలతో నిండి ఉంటుంది. ఏ పండగా లేని మంగళవారం వచ్చినా పర్లేదు. ఘాట్ మెట్ల మీద ఓ దీపం కొనండి. పన్నెండేళ్లకోసారి వచ్చే పన్నెండు రోజుల కంటే, ఆ మంగళవారం బేరమే వాళ్లకి అన్నం పెడుతుంది.