మూడో బెజ్జం

మొగుళ్లపల్లిల కిరాయి ఇల్లు చూడవోతే అందరూ నల్లా వస్తదా, బాత్రూం లోపలనేనా అని అడుగుతరు. నేనైతే ముందుగాల ప్లగ్గు బోర్డు చూస్త. మూడు బెజ్జాలుంటయి. పైదాని వెనుక చానా ఇండ్లల్ల ఎర్తు వైరే ఉండది!

2024 మార్చి నుంచి సర్కారు గృహజ్యోతి పథకం కింద, రేషన్ కార్డుంటే, 200 యూనిట్ల దాకా కరెంటు జీరో బిల్లు. కిరాయికున్నోళ్లకు కూడా. మంచిదే. కానీ కూలరు, ఫ్రిజ్జు, గీజరు వచ్చి చేరినా గోడలున్నది రెండు బల్బులు, ఒక ఫ్యాను కోసం ఎన్నడో వేసిన సన్నవైరే. 2000 వాట్ల గీజరు ఒక్కటే దగ్గరదగ్గర 9 ఆంపియర్లు గుంజుతది. దానికి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గు ఉండాలె.

ఎంసీబీ ఊకె పడిపోతుందని పెద్దది పెట్టిచ్చుడు ఇంకో తెలివి. అది వైరును కాపాడనీకే ఉన్నది. పెద్దది పెడితే అది పడది, వైరు కాలుతది. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ: 30 మిల్లీఆంపియర్లు లీకైతే చాలు, కరెంటు బంద్. రేకు కూలరున్న ఇంట్ల ఎర్తూ, ఇదీ రెండూ ఉండాల్సిందే.

మరి ఈ వైరింగు పైసలెవరియి? "నీ సామాన్లకు నేనెందుకు" అని ఓనరు, "రేపు ఖాళీ చేసే ఇంటికి నేనెందుకు" అని కిరాయిదారు. నన్నడిగితే గోడ లోపలిదంత ఓనరుదే. మన జిల్లాలనే చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కరెంటు తయారైతది, మన బోర్డుల ఎర్తుకు దిక్కు లేదు. అడ్వాన్సు ఇయ్యకముందే ఈ ముచ్చట తెంపుకోండి, తర్వాత ఓనరు ఫోనెత్తడు.