పల్లె ముచ్చట్లు – 17: ఉద్ది

కోలాటంలో మనకెదురుగా నిలబడి కోల కలిపే మనిషిని ఉద్ది అంటారు. ఉద్ది అంటే జోడు, సమానమైనవాడు. కోలన్న పంతులు ఈల వెయ్యగానే కోపు మారుద్ది. లోపలి వరస ఒకవైపు, బయటి వరస ఇంకోవైపు కదులుద్ది, ఉద్ది మారిపోతాడు. ఆట ముగిసేసరికి మన కోల ఎంతోమంది కోలల్ని తాకి ఉంటుంది. ఎవరి కోలా గొప్పది కాదు. ఒక్కడు తాళం తప్పితే అందరి ఆటా చెడుద్ది.

ఇంత సమానమైన ఆటని చిన్నప్పుడు నేను దూరంగా నిలబడి చూశాను.

ఆరోజు శ్రీరామనవమి. మిరప కోతల కాలం. అమ్మ పండగపూటా కూలికి పోయి, మండే చేతులతో ఇంటికొచ్చింది. నాయన గడ్డిమంట మీద డప్పు కాచుకుని ఊరేగింపు ముందు నడిచాడు. గుడి దగ్గరకి రాగానే డప్పు ఆపి పక్కకి నిలబడమన్నారు. కోలాటం మొదలైంది.

"మనం ఆడకూడదా నాయనా?" అనడిగాను.

"మన పుల్లలు వేరు అబ్బాయ్" అన్నాడు.

నాయన చేతుల్లోనూ రెండు పుల్లలే. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. కోల ఇంకొకరి కోలని తాకొచ్చు. చిర్ర మాత్రం తోలునే తాకాలి. తేడా కర్రలో లేదు, పట్టుకున్న చేతికి అంటగట్టిన కులంలో ఉంది.

క్రిస్మస్‌కి మా పల్లెలోనూ చర్చి ముందు కోలాటం వేసేవాళ్లు. పత్తి తీసి గీరుకుపోయిన వేళ్లతోనే మా ఆడోళ్లు కోలలు పట్టేవాళ్లు. డప్పు నాయనదే. కానీ ఆ రాత్రి నాయన ఎవరి ముందూ నడవలేదు. అందరి మధ్యా నిలబడ్డాడు.

అయితే ఒక మాట దాచకూడదు. ఆ కోలాటంలో మాలపల్లె వాళ్లు లేరు. వాళ్ల చర్చి వాళ్లది, మా చర్చి మాది. మేమూ పిలవలేదు, వాళ్లూ రాలేదు.

1985 జూలై 17న కారంచేడులో మాదిగల్ని నరికి చంపినప్పుడు, చీరాల శిబిరం దగ్గర రెండు పల్లెలూ కలిసి నిలబడ్డాయి. దళిత మహాసభ పుట్టింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైంది. ఊరి పెత్తందార్ల మాట చాటిన డప్పే మా వాటా మాట చాటింది. విడిపోవడానికి కొట్టిన డప్పు అన్నారు కొందరు. నాకట్లా వినపడలేదు. మమ్మల్ని కూడా ఉద్దిగా నిలబెట్టుకోండి అని అడిగినట్టు వినపడింది. ఉద్ది లేకుండా ఒంటిగా కోలాటం ఎవడాడగలడు?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఏప్రిల్ 14న మీ పల్లెలో, మీ హాస్టల్లో కోలాటం పెట్టండి. డప్పుని ముందు నడిపించొద్దు, మధ్యలో నిలబెట్టండి. ఈల వేసినప్పుడల్లా చూసుకోండి, మీ ఎదురుగా ఎవరొచ్చారో, ఇంకా ఎవరు రాలేదో. రానివాళ్ల ఇంటికి పోయి పిలవండి. మేం అప్పుడు చెయ్యనిది అదే.

జై భీమ్.